బ్లాగు పోస్టు షేర్ చేసినా స్పందన లేదా? ఎక్కడ ఆగిందో వెతికి సరిచేయండి

నేను మిద్దె తోట గురించి తెలుగులో బ్లాగు రాస్తుంటాను. బ్లాగులు రాసే స్నేహితులు కలిసినప్పుడల్లా ఒకటే మాట: "రెండు రోజులు కూర్చుని రాశాను, ఫేస్‌బుక్‌లో పెట్టాను, నాలుగు లైకులు వచ్చాయి, లోపలికి వచ్చి చదివినవాళ్లు లేరు." వింటే బాధేస్తుంది. ఎందుకంటే చాలాసార్లు లోపం రాతలో ఉండదు. పోస్టుకీ చదివేవాళ్లకీ మధ్య ఎక్కడో దారి మూసుకుపోయి ఉంటుంది.

అది ఎక్కడో ముందు తేల్చుకోవాలి. పోస్టు అసలు జనానికి కనిపించలేదా? కనిపించినా నొక్కలేదా? చదివి కూడా ఏమీ అనకుండా వెళ్లిపోయారా? ఫేస్‌బుక్ పేజీ ఉంటే ఎంతమందికి చేరిందో ఇన్‌సైట్స్‌లో కనిపిస్తుంది. లోపలికి ఎందరు వచ్చారో గూగుల్ వారి బ్లాగు సేవ బ్లాగర్ గణాంకాల్లో ఉంటుంది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. చేరింది తక్కువైతే ఒక మందు, చేరినా రాకపోతే ఇంకో మందు.

లింకు పంపితే బొమ్మ రావట్లేదు, లేదా పాత బొమ్మ వస్తోంది

ఇది అన్నిటికంటే తేలిగ్గా సరైపోయేది, అందరూ వదిలేసేది కూడా. లింకు పెట్టగానే ఫేస్‌బుక్, వాట్సాప్ మీ పేజీలో ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు ఉన్నాయేమో చూస్తాయి. ఫేస్‌బుక్ 2010లో తెచ్చిన పద్ధతి ఇది. శీర్షిక, వివరణ, బొమ్మ ఏవి చూపించాలో ఆ ట్యాగులే చెబుతాయి. అవి లేకపోతే వాటికి తోచింది చూపిస్తాయి, ఒక్కోసారి ఏమీ చూపించవు.

బ్లాగర్‌లో రాసేవాళ్లు సెట్టింగుల్లో మెటా ట్యాగ్స్ దగ్గరికి వెళ్లి సెర్చ్ డిస్క్రిప్షన్ ఆన్ చేయండి. అప్పుడు ప్రతి పోస్టు పక్కనా వివరణ రాయడానికి ఒక పెట్టె వస్తుంది. వర్డ్‌ప్రెస్ అయితే ఈ పని చేసే ప్లగిన్లు చాలా ఉన్నాయి. బొమ్మ 1200×630 పిక్సెళ్లలో, అడ్డంగా ఉండేలా చూసుకోండి. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసిన ఫొటో పెడితే పైనా కిందా కత్తిరించుకుపోయి, కుండీ మాత్రం మిగిలి పువ్వు పోతుంది. ఫైలు సైజు 300 కేబీ లోపు ఉంచితే వాట్సాప్‌లో ఇబ్బంది రాదు.

బొమ్మ మార్చాక కూడా పాతదే వస్తోందంటే ఫేస్‌బుక్ దాన్ని దాచి ఉంచుకుందని అర్థం. ఫేస్‌బుక్ వారి షేరింగ్ డీబగ్గర్ పేజీలో మీ లింకు అతికించి, స్క్రేప్ అగైన్ నొక్కండి. కొత్తది వచ్చేస్తుంది. ఇంకో చిన్న సంగతి: వాట్సాప్‌లో ఆ బొమ్మని తయారుచేసేది పంపేవాళ్ల ఫోనే. లింకు అతికించి వెంటనే సెండ్ నొక్కేస్తే ఉత్త లింకు వెళ్తుంది. రాసే గడి పైన బొమ్మ, శీర్షిక కనిపించేదాకా రెండు మూడు సెకన్లు ఆగండి.

బొమ్మ మీద తెలుగు రాసేవాళ్లకి ఒక జాగ్రత్త. ఫొటోషాప్‌లో వత్తులు విడిపోయి అక్షరాలు చెల్లాచెదురుగా వస్తుంటే ఫాంటు మార్చినా లాభం లేదు. పాత వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి, భారతీయ భాషల కోసం ఉన్న టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోవాలి. అలాగే అను ఫాంట్లలో టైపు చేసింది నేరుగా తెచ్చి అతికిస్తే చదివేవాళ్లకి ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చాకే పెట్టండి.

లింకు చూస్తేనే భయపడేలా ఉంది

తెలుగు శీర్షిక పెడితే వర్డ్‌ప్రెస్ ఆ తెలుగునే చిరునామాలో పెట్టేస్తుంది. దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో వేస్తే % గుర్తులు, అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలు కలగలిసి చాంతాడంత వస్తుంది. కారణం ఏమిటంటే, యూనికోడ్‌లో ఒక్కో తెలుగు గుర్తు మూడు బైట్లు తీసుకుంటుంది, చిరునామాలో ఒక్కో బైటు మూడు అక్షరాలుగా మారుతుంది. "తెలుగు" అన్న మాటలో గుణింతం గుర్తులు కలిపి ఆరు ఉన్నాయి. అంటే ఆ ఒక్క మాటే 54 అక్షరాలు! ఇలాంటి లింకుల భయం మన పాఠకుల్లో చాలామందికి ఉంది, అది న్యాయమైన భయం కూడా. మోసపు లింకులు అలాగే ఉంటాయి మరి.

పోస్టు ప్రచురించే ముందే చిరునామా గడిలో రెండు మూడు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి. బ్లాగర్‌లో అయితే కస్టమ్ పర్మాలింక్ దగ్గర. అక్కడ తెలుగు శీర్షికకి "బ్లాగ్ పోస్ట్" అని ఇంగ్లిష్‌లో, ఏదో అంకె తగిలించి ఇచ్చేస్తుంది. దానివల్ల పోస్టు దేని గురించో తెలియదు. ఇప్పటికే జనం పంచుకున్న పాత పోస్టుల చిరునామాలు మాత్రం ముట్టుకోవద్దు. మార్చక తప్పకపోతే పాతది నొక్కినా కొత్తదే తెరుచుకునేలా రీడైరెక్ట్ పెట్టండి.

లైకులు వస్తున్నాయి కానీ లోపలికి రావట్లేదు

అసలు కథ ఇక్కడే ఉంది. మొదట్లో నేనొక పోస్టుకి "మొక్కల సంరక్షణలో సేంద్రియ పద్ధతుల ప్రాముఖ్యత" అని పేరు పెట్టాను. దానికి పైన "కొత్త పోస్టు, చదివి ఆశీర్వదించండి" అని రాసి షేర్ చేశాను. తెలిసినవాళ్లు అభిమానంతో లైకు కొట్టారు. ఎవరూ తెరవలేదు. తెరవడానికి వాళ్లకి నేను కారణం ఇవ్వలేదు కదా! ఆ మాటల్లో నేను ఉన్నాను, నా పోస్టు ఉంది, వాళ్ల కుండీలో మందార మొక్క లేదు.

అదే పోస్టుని తర్వాత ఇలా మార్చి పెట్టాను. శీర్షిక: "మందార మొగ్గల మీద తెల్లగా ఉన్నది బూజు కాదు, పిండినల్లి". షేర్ చేస్తూ పైన రాసింది ఇది:

"మందార మొగ్గలు విచ్చుకోకుండానే రాలిపోతున్నాయా? మొగ్గ తొడిమ దగ్గర వేలితో రాసి చూడండి. తెల్లగా, పిండిలా అంటుకుంటే అది పిండినల్లి. ముందు నీళ్లు గట్టిగా కొట్టి కడగండి. లీటరు నీళ్లలో 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి, ఎండ తగ్గాక పిచికారీ చేయండి. వారానికి మళ్లీ ఒకసారి. మొక్క మీద చీమలు తిరుగుతుంటే మాత్రం ఇది చాలదు. చీమలకీ ఈ పురుగుకీ ఉన్న లంకె, దాన్ని తెంచే పద్ధతి పోస్టులో ఫొటోలతో రాశాను."

తేడా గమనించండి. లింకు నొక్కనివాళ్లకి కూడా ఇందులో పనికొచ్చే విషయం పూర్తిగా ఉంది. అన్నీ ఇక్కడే చెప్పేస్తే ఇంకెవరొస్తారని చాలామంది టెన్షన్ పడతారు. నా అనుభవం దీనికి విరుద్ధం. సగం చెప్పి ఆపితే జనానికి చిరాకు. చెప్పేది పూర్తిగా చెప్పి, దాని తర్వాత వచ్చే ప్రశ్నకి పోస్టులో జవాబు ఉందంటే నమ్మకంతో వస్తారు. చీమలు నిజంగానే పిండినల్లి విడిచే తియ్యటి జిగురు కోసం దాన్ని కాపాడతాయి కాబట్టి, లోపలికి వచ్చినవాళ్లకి ఉత్త చేతులతో వెళ్లే పని ఉండదు. శీర్షికలో ఊరించి లోపల ఏమీ లేకుండా చేస్తే మాత్రం ఆ పాఠకులు మళ్లీ మీ గడప తొక్కరు.

మొదటి రెండు లైన్లు చాలా విలువైనవి. ఆ తర్వాతి భాగం "ఇంకా చూడండి" కింద దాక్కుంటుంది. నమస్కారాలు, శుభోదయాలు అక్కడ పెట్టి ఆ చోటు ఖర్చు చేయకండి. చదివేవాళ్ల ఇంట్లో కనిపించే వస్తువు ఏదైనా మొదటి లైన్లోనే రావాలి.

అసలు ఎవరికీ కనిపించట్లేదు

2018 జనవరిలో ఫేస్‌బుక్ తన ఫీడు పద్ధతి మార్చింది. పేజీల పోస్టుల కంటే స్నేహితులు, కుటుంబ సభ్యుల పోస్టులకి, అందులోనూ మాటామంతీ నడిచేవాటికి, ముందు చోటు ఇస్తానని ప్రకటించింది. దానికి ఒక నెల ముందే ఇంకో సంగతి చెప్పింది: "లైక్ చేయండి, పది మందికి ట్యాగ్ చేయండి" అని అడుక్కునే పోస్టులని కిందికి నెట్టేస్తానని. మనలో చాలామంది ఇప్పటికీ ప్రతి పోస్టు చివరా ఆ మాట రాస్తూనే ఉన్నారు. ఈ రోజే మానేయండి.

పేజీ ఒక్కదాన్నే నమ్ముకోకుండా మీ విషయం మాట్లాడుకునే గ్రూపుల్లోకి వెళ్లండి. కానీ చేరిన రోజే లింకు వేయడం, ఒకే లింకుని పది గ్రూపుల్లో వరసగా వేయడం రెండూ తప్పే. ఫేస్‌బుక్ దాన్ని స్పామ్ అనుకుంటుంది, అడ్మిన్లు తీసేస్తారు. రెండు మూడు వారాలు ఇతరుల ప్రశ్నలకి జవాబులు చెప్పండి. ఎవరో "నా టమాటా ఆకులు ముడుచుకుపోతున్నాయి" అని అడిగినప్పుడు ముందు అక్కడే సమాధానం రాసి, ఆ తర్వాత లింకు ఇవ్వండి. అప్పుడది ప్రచారంలా ఉండదు, సాయంలా ఉంటుంది. నిజంగా సాయమే కూడా.

పెట్టే వేళ గురించి ఒక్క మాట. తెలుగు పాఠకులు ఒక్క చోట లేరు. హైదరాబాద్‌లో ఉదయం 7.30 అయితే వేసవిలో డాలస్‌లో ముందు రోజు రాత్రి 9. ఇక్కడ కాఫీ తాగుతూ, అక్కడ భోజనాలయ్యాక ఒకేసారి ఫోన్ చూస్తారు. విదేశాల్లో పాఠకులు ఉన్నవాళ్లు ఈ వేళ ప్రయత్నించి చూడండి.

వాట్సాప్‌లో పంపితే కొందరికే అందుతోంది

ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పంపింది మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే వెళ్తుంది. లిస్టులో 200 మంది ఉన్నా, నంబరు దాచుకున్నది 60 మందైతే అందేది ఆ 60 మందికే. చేర్చే ముందే "నా నంబరు సేవ్ చేసుకోండి" అని చెప్పాలి. లేదంటే వాట్సాప్ ఛానల్ పెట్టుకోండి. 2023 సెప్టెంబరు నుంచి మన దగ్గరా ఉంది. అందులో మీ నంబరు బయటపడదు, ఎవరి నంబరూ సేవ్ చేసుకునే పని లేదు.

ఫార్వర్డ్ మీద ఆశ పెట్టుకునే రోజులు పోయాయి. 2018లో మన దేశంలో ఒకసారికి ఐదు చాట్లకే పరిమితం చేశారు. 2020 ఏప్రిల్ నుంచి చాలాసార్లు చేతులు మారిన సందేశం ఒకసారికి ఒక్క చాట్‌కే వెళ్తుంది. కాబట్టి పది వేలమందికి వెళ్లాలని రాయకండి. ఒక కూతురు వాళ్ల అమ్మకి "నీ మందారకి ఇదేనేమో చూడు" అని పంపేలా రాయండి.

ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్

ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో కింద రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు. అక్కడ పెట్టి ఎదురుచూడటం వృథా. స్టోరీలో లింక్ స్టిక్కర్ వాడండి, 2021 అక్టోబరు నుంచి అందరికీ ఇచ్చారు. ప్రొఫైల్‌లో ఐదు లింకుల దాకా పెట్టుకోవచ్చు. ఎక్స్ (పాత ట్విట్టర్)లో ఉచిత ఖాతాలకి 280 అక్షరాల హద్దు ఉంది కదా, తెలుగులో అది త్వరగా అయిపోతుంది. "స్త్రీ" మనకి ఒక్క అక్షరం, అక్కడి లెక్కలో ఆరు. లింకు ఎంత పొడవున్నా 23గానే లెక్కిస్తారు కాబట్టి దాన్ని కుదించే పని పెట్టుకోకండి.

పాత పాఠకులు మాయమైపోయారు

పదేళ్లు పైబడిన బ్లాగు అయితే పక్కన ఉన్న గ్యాడ్జెట్లు ఒకసారి చూసుకోండి. తెలుగు బ్లాగుల కొత్త పోస్టులన్నీ ఒకచోట చూపించే కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సైట్లలో ఒకరి పోస్టు ఒకరు చూసుకుని, వ్యాఖ్యల్లో గంటలు గంటలు మాట్లాడుకున్న కాలం ఒకటుంది. ఆ సందడి తలుచుకుంటే ఇప్పటికీ మనసు నిండుతుంది. 2013 జులైలో బ్లాగులన్నీ ఒకచోట చదువుకునే గూగుల్ రీడర్ ఆగిపోయింది, 2019 ఏప్రిల్‌లో గూగుల్ ప్లస్ పోయింది. కొత్త పోస్టుల్ని ఈమెయిల్‌లో పంపే ఫీడ్‌బర్నర్ చందాలు 2021లో ఆపేశారు. మీ బ్లాగులో దాని ఈమెయిల్ గడి ఇంకా ఉంటే తీసేయండి. చేతిలో ఉన్న ఈమెయిళ్లతో వేరే సర్వీసులో జాబితా మొదలుపెట్టండి.

చదువుతున్నారు, మాట్లాడట్లేదు

మొదటి కారణం తాళం. ఫేస్‌బుక్ యాప్‌లో లింకు నొక్కితే అది యాప్ లోపలే తెరుచుకుంటుంది. క్రోమ్‌లో ఉన్న గూగుల్ లాగిన్ అక్కడ ఉండదు. వ్యాఖ్య రాద్దామంటే మళ్లీ సైన్ ఇన్ అడుగుతుంది, పాఠకులు విసుగొచ్చి వెళ్లిపోతారు. బ్లాగర్ సెట్టింగుల్లో వ్యాఖ్యలు ఎవరైనా రాయొచ్చని పెట్టి, మీరు చూశాకే కనిపించేలా మోడరేషన్ ఆన్ చేయండి.

రెండో కారణం ప్రశ్న. "మీ అభిప్రాయం తెలపండి" అంటే ఏం తెలపాలో ఎవరికీ తోచదు. "మీరు మందారకి నీళ్లు పొద్దున పోస్తారా, సాయంత్రమా?" అని అడగండి. దానికి జవాబు ప్రతి ఇంట్లోనూ ఉంది.

మూడోది మన బద్ధకం. ఒకరు "మా మల్లెకి కూడా ఇలాగే ఉంది" అని రాస్తే బొటనవేలు బొమ్మ పెట్టి వదిలేస్తాం. "ఆకు వెనక వైపు ఫొటో తీసి పెట్టండి అక్కా, చూసి చెబుతాను" అని రాసి చూడండి. ఆవిడ ఫొటో పెడతారు, చూసినవాళ్లు తమ మల్లె సంగతి చెబుతారు, ఆ వరస రెండు రోజులు నడుస్తుంది. ఫొటో వాడుకోవచ్చా అని ఆవిడని అడిగి, ఒప్పుకుంటే తర్వాతి పోస్టు ఆ మల్లె మీదే రాయండి. రాశాక లింకు మొట్టమొదట ఆవిడకే పంపండి.