నాణేల గ్రేడింగ్ నేర్చుకుందాం – 3వ పాఠం: అరిగిందా, దెబ్బ తిన్నదా, అచ్చే సరిగ్గా పడలేదా?

పోయిన పాఠంలో టంకశాల గుర్తులు చూశాం. సంవత్సరం అంకెల కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్, వజ్రం ఆకారం ఉంటే ముంబయి, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఇంట్లో చిల్లరంతా పోగేసి ఆ ప్రకారం విడదీయమన్నాను. ఆ కుప్పలు ఇవాళ మళ్లీ కావాలి.

గ్రేడింగ్ అంటే నాణెం ఏ స్థితిలో ఉందో అంచనా కట్టడం. అది మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ముందు గీతలు లెక్కపెడతారు. ఎన్ని గీతలుంటే అంత తక్కువ గ్రేడు అనుకుంటారు. అది తప్పు. నాణేన్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే: నువ్వు చేతులు మారావా, లేదా? ఒళ్లంతా గాట్లున్న బిళ్ళ ఒక్కసారి కూడా చలామణిలోకి వెళ్లకుండా ఉండొచ్చు. ఒక్క గీతా లేకుండా నున్నగా కనిపించే బిళ్ళ నాలుగేళ్లు జేబుల్లో తిరిగి ఉండొచ్చు. మొదటిది యూఎన్‌సీ (అన్‌సర్క్యులేటెడ్, అంటే చలామణి కానిది), రెండోది కాదు. ఈ తేడా పట్టుకోవడం వస్తే సగం గ్రేడింగ్ వచ్చినట్టే.

గదిలో మిగతా లైట్లన్నీ ఆపేసి ఒక్క టేబుల్ లైటు పెట్టుకోండి. ట్యూబులైటు వెలుగు నలువైపులా పరుచుకుంటుంది, దాని కింద ఏదీ తేలదు. అయిదు రెట్లో ఏడు రెట్లో పెద్దగా చూపించే భూతద్దం చాలు. బల్ల మీద మెత్తటి గుడ్డ పరవండి, చేయి జారినా నాణెం బతుకుతుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య అంచులు మాత్రమే పట్టుకోండి. దాని మీదికి వంగి మాట్లాడొద్దు. పడిన తుంపర అప్పటికి కనిపించదు, కొన్ని నెలలకు మచ్చగా తేలుతుంది.

సాధనకు నేను ఎప్పుడూ చెప్పేది 1975 నుంచి 1982 దాకా వచ్చిన పెద్ద రూపాయి. 28 మిల్లీమీటర్లు, 8 గ్రాములు, రాగి–నికెల్ మిశ్రమం. దీనికి ముందు 1962 నుంచి వచ్చిన రూపాయీ ఇదే సైజు. కానీ అది నికెల్, 10 గ్రాములు. అనుమానం వస్తే అయస్కాంతం దగ్గర పెట్టండి, నికెల్‌ది అంటుకుంటుంది, రాగి–నికెల్‌ది అంటుకోదు. రెండూ కలిపి చూడకండి, ఏ లోహం మెరుపు దానిదే.

నాణేన్ని లైటు కింద పట్టుకుని మెల్లగా వంచుతూ తిప్పండి. కొత్త బిళ్ళ అయితే వెలుగు రేకులు మధ్య నుంచి అంచుకు చీలి, బండిచక్రం ఆకుల్లా గిర్రున తిరుగుతాయి. అచ్చులు నొక్కినప్పుడు లోహం మధ్య నుంచి అంచువైపు పాకుతుంది. ఆ పాకుడు వదిలిన కంటికి ఆనని సన్నటి గాడులే ఈ మెరుపుకి కారణం. కలెక్టర్లు దీన్ని లస్టర్ అంటారు. వేలి రాపిడికి ముందు పోయేది ఇదే. ఒకసారి పోయిందంటే ఎంత తోమినా తిరిగి రాదు.

ఇప్పుడు నాలుగు సింహాల వైపుకి రండి. భూతద్దంలో మధ్య సింహం ముక్కు, ఛాతీ మీది జూలు చూడండి. బొమ్మలో అన్నిటికంటే పైకి లేచి ఉండే చోట్లు ఇవి, రాపిడి ముందు తగిలేది వీటికే. బొరుసు వైపు ధాన్యపు కంకుల గింజలు చూడండి. చుట్టూ నేల, అంటే బొమ్మ లేని చదును భాగం, మెరుస్తూ ఉండి, ఈ ఎత్తైన చోట్ల మాత్రం మెరుపు ఆగిపోయి బూడిదరంగు మసకలా కనిపిస్తే అది అరుగుదల. ఎంత చిన్నదైనా సరే, బిళ్ళ చలామణిలోకి వెళ్లొచ్చింది. వెలుగు రేకులు తిరుగుతూ తిరుగుతూ జూలు దగ్గరికి రాగానే తెగిపోతాయి. ఆ తెగడం కంటికి అలవాటు కావాలి. మొదటి వారం పట్టుబడకపోవచ్చు, టెన్షన్ పడకండి.

అయితే ఇక్కడే ఒక చిక్కు ఉంది. 1992 నుంచి వచ్చిన స్టెయిన్‌లెస్ స్టీల్ రూపాయి తీసుకుంటే, సంచిలోంచి అప్పుడే తీసినదానికి కూడా ఒక్కోసారి సింహం ముఖం సరిగ్గా తేలి ఉండదు. స్టీలు గట్టిది, అచ్చు లోతుల్లోకి పూర్తిగా పాకలేదు. ఇది అరుగుదల కాదు, అచ్చు బలహీనంగా పడటం. తేడా ఎలా తెలుస్తుంది? మెరుపుని బట్టే. అచ్చు సరిగ్గా పడని చోట వివరాలు లేకపోయినా మెరుపు చుట్టూ ఉన్నట్టే ఉంటుంది. ఒక్కోసారి ముద్ర పడక ముందు బిళ్ళ మీదున్న గరుకు కూడా అలాగే కనిపిస్తుంది. అరిగిన చోట మాత్రం గరుకు ఉండదు, నున్నగా, మసకగా ఉంటుంది. అమ్మేవాళ్లు కొందరు అరిగినదాన్ని చూపించి ‘అచ్చు వీక్ అండీ’ అంటారు. మీరు వాదించక్కర్లేదు. లైటు కింద వంచి చూడండి.

ఇక గాట్లు. టంకశాలలో బిళ్ళలు ఒకదాని మీద ఒకటి రాలి పడతాయి, సంచుల్లో ఒరుసుకుంటాయి, ఒకదాని అంచు ఇంకొకదాని నేల మీద తగులుతుంది. వీటిని బ్యాగ్ మార్క్స్ అంటారు. చిన్నగా, పదునుగా, ఎటు పడితే అటు ఉంటాయి. లోపల లోహం తళుక్కుమంటుంది. ఇవి ఉన్నంత మాత్రాన యూఎన్‌సీ హోదా పోదు. ఆ హోదా లోపలే మెట్టు దిగుతుంది. ఎక్కడ పడిందన్నది కూడా ముఖ్యం. కంకుల మధ్య దాక్కున్న గాటు కంటే ఖాళీ నేల నడిమధ్యన ఉన్న గాటు ఎక్కువ నష్టం చేస్తుంది.

గాటు వేరు, తుడిచిన గీత వేరు. తుడిచిన గీతలు వెంట్రుకల్లా సన్నగా, గుంపుగా, ఒకే దిక్కుకో, తోమిన తీరుని బట్టి గుండ్రంగానో పోతాయి. నేల మీద మొదలై బొమ్మ మీదుగా కూడా దాటిపోతాయి. వీటిని పోలినవే ఇంకోరకం ఉన్నాయి. టంకశాలలో అచ్చుని సానబట్టినప్పుడు దాని మీద పడిన గీతలు నాణెం మీదికి దిగుతాయి. అవి లోతుగా కాక ఉబ్బెత్తుగా ఉంటాయి, బొమ్మ అంచు దాకా వచ్చి ఆగిపోతాయి. అది లోపం కాదు, నాణెం పుట్టుకతో వచ్చిన గుర్తు.

ఈ తుడిచిన గీతల గురించి నాకు చెప్పుకోవాల్సింది ఉంది. 1969లో గాంధీగారి శతజయంతికి వచ్చిన పది రూపాయల వెండి నాణెం మా నాయనమ్మ పెట్టెలో ఉండేది. 15 గ్రాములు, 80 శాతం వెండి. అంచుల నుంచి లోపలికి లేత బంగారు రంగు, దాని వెనక నీలం పాకి ఉండేది. నాకు పన్నెండేళ్లు. మురికి పట్టిందనుకుని వెండి కుంకుమభరిణె తోమినట్టే విభూది పెట్టి అరగంట తోమాను. తెల్లగా మెరిసింది, ఇంట్లో అందరూ బాగుందన్నారు. చాలా ఏళ్ల తర్వాత భూతద్దం కింద పెడితే గాంధీగారి బుగ్గ మీద గుండ్రటి సున్నాల్లా వందల గీతలు. వెలుగు తిరగలేదు, ఒకేచోట చచ్చిపడినట్టు తెల్లగా నిలబడింది. ఆ నీలం రంగు ఏళ్ల తరబడి గాలి తగిలి దానంతటది వచ్చినది. దయచేసి మీ ఇంట్లో ఏ నాణేన్నీ చింతపండుతో గానీ, విభూదితో గానీ, పళ్లపొడితో గానీ తోమకండి.

మన ఇళ్లలో దొరికే నాణేలకు ఇంకో ప్రత్యేకత ఉంది. పెళ్లి చదివింపుల కవరు మీద అంటించిన రూపాయి చాలాసార్లు కొత్తదే. అరుగుదల ఉండదు, ఒకవైపు బంక ఉంటుంది. గోటితో గీకితే మీరే గీత పెట్టినవాళ్లవుతారు. వ్రతంలో అష్టోత్తరానికి వాడిన రూపాయలకు పసుపు, కుంకుమ కంకుల సందుల్లో ఇరుక్కుంటాయి. అలాంటివి అరగకపోయినా మచ్చ ఉన్నట్టు రాసుకోవాలి. నా దృష్టిలో వాటికి ఇంటి విలువ ఎక్కువ, అమ్మకానికి పెట్టాల్సినవి కావు.

గ్రేడుల పేర్లు ఇప్పటికి క్లుప్తంగా. 1949లో అమెరికాలో విలియం షెల్డన్ పాత రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా ఒక కొలత పెట్టాడు. ఇవాళ దాన్నే అన్ని నాణేలకూ వాడుతున్నారు. 60 నుంచి 70 వరకు చలామణి కానివి. 50 నుంచి 58 వరకు ఏయూ (అబౌట్ అన్‌సర్క్యులేటెడ్), అంటే ఎత్తైన చోట్ల మాత్రమే కాస్త రాపిడి తగిలినవి. దాని కింద ఎక్స్‌ఎఫ్ (ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్), వీఎఫ్ (వెరీ ఫైన్), ఫైన్ వరసగా వస్తాయి. గాట్లతో నిండిన 60 కంటే 58 నాణెమే కంటికి అందంగా ఉండటం మామూలే. ఆశ్చర్యపోకండి, 58కీ 60కీ మధ్య హద్దు అందాన్ని బట్టి గీసింది కాదు.

ఇంటిపని: మీ కుప్పల్లోంచి రూపాయి బిళ్ళలు పది తీసి, ఒక్కోదాన్ని ఒక్కో చిన్న కవరులో వేసి అంకె రాయండి. ఒక్కోదానికి మూడు ముక్కలు రాసుకోండి: అరిగిందా, అచ్చు ఎలా పడింది, గాట్లు ఎక్కడ. ఆ కాగితం మడిచి దాచేయండి. మూడు రోజుల తర్వాత అదే లైటు కింద మళ్లీ చూసి, పాతది చూడకుండా కొత్త కాగితం మీద రాయండి. రెండు కాగితాలూ కలవని నాణేలను విడిగా ఉంచండి. నాలుగో పాఠం వాటితోనే మొదలుపెడదాం.