చెవితో కాలం కొలుద్దాం – 4వ పాఠం: అట్టులో నిశ్శబ్దం

పోయిన పాఠంలో ‘అటు’, ‘అట్టు’ ఫోన్‌లో రికార్డు చేసి, ఆడాసిటీలో (శబ్దాన్ని గీతగా చూపించి, కత్తిరించనిచ్చే సాఫ్ట్‌వేర్) తెరిచి చూడమన్నాను. చాలామంది ఒకే చోట ఆగిపోయారు. “ట్ట ఉండాల్సిన చోట గీత చదునుగా ఉంది, రికార్డింగ్ తెగిపోయిందా?” అని అడిగారు. తెగలేదు. ఆ చదును గీతే ట్ట. ఇది ముందే చెప్పాల్సింది. అందుకే ఈ వారం తాళం పాఠం ఆపి, దీని సంగతే చూద్దాం.

మెల్లగా ‘అట్టు’ అనండి. నాలుక కొన పైకి మడతపడి అంగిలికి ఆనుతుంది. గాలి ఆగుతుంది, గొంతూ ఆగుతుంది. నాలుక వదలగానే చిన్న ‘టప్’. ఆ టప్ ‘అటు’లోనూ ఉంది. అసలు తేడా దానికి ముందున్న ఖాళీలో ఉంది. మెదడు ఆ ఖాళీని ఖాళీగా వినదు, నిడివైన ట గా వింటుంది.

‘అట్టు’ ‘అటు’లా కాకుండా వేరుగా ఎందుకు వినిపిస్తుందంటే, “ఒత్తి పలికాం కాబట్టి” అనే జవాబు చూస్తే నాకు బాధేస్తుంది. ‘ఒత్తు’ అనే పేరే మనల్ని తప్పుదారి పట్టిస్తోంది. ఇక్కడ పని చేసేది బలం కాదు, వ్యవధి. అట్టు వాల్యూమ్ సగానికి తగ్గించండి, అట్టుగానే ఉంటుంది. అటు వాల్యూమ్ పెంచండి, అటుగానే ఉంటుంది. ఇప్పుడు వాల్యూమ్ ముట్టుకోకుండా, అట్టులోని ఖాళీని కొంచెం కొంచెంగా కత్తిరిస్తూ వినండి. ఒకచోట అది ‘అటు’ అయిపోతుంది. నేనైతే ఎప్పుడూ ఖాళీ నడిమధ్యలోనే కోస్తాను, అప్పుడు టిక్కుమనే చప్పుడు రాదు.

ఛందస్సులో ‘అట్టు’లోని అ గురువు, రెండు మాత్రలు. అచ్చు చూస్తే హ్రస్వమే. చెవి ట ఖాతాలో వేసిన నిశ్శబ్దాన్ని ఛందస్సు అ ఖాతాలో వేసింది. నాకు ఆ లెక్కే ఇష్టం, తొడమీద తాళం వేస్తే సరిగ్గా కుదురుతుంది.

‘కల–కల్ల’ జతలో నిశ్శబ్దం ఉండదు, ల మోతే సాగుతుంది. ‘గడి–గడ్డి’లో గీత పూర్తిగా చదును కాదు, గొంతు సన్నగా మోగుతుంటుంది.

ఇంకొకటి. మెదడు నిడివిని పక్క శబ్దాలతో పోల్చి తేలుస్తుంది. హడావిడిగా అన్న ‘అట్టు’లోని ఖాళీ, తాపీగా అన్న ‘అటు’లోని ఖాళీకంటే చిన్నదైనా కావచ్చు. కాబట్టి రెండూ ఒకే వేగంతో పలకండి.

అభ్యాసం: ‘అటు’లోని ఖాళీకి 10 మిల్లీసెకన్ల చొప్పున నిశ్శబ్దం పెంచుతూ 15 ముక్కలు చేయండి. వరస తారుమారు చేసి, ఇంట్లో ఒకరికి ఒక్కో ముక్క 4 సార్లు వినిపించండి. 60 జవాబులూ రాయండి. ‘అటు’ ఎక్కడ ‘అట్టు’గా మారిందో ఆ సంఖ్య దాచుకోండి, తాళం పాఠం దానితోనే మొదలవుతుంది.