సముద్రం మీద ప్రమాదం, కేసు ఎక్కడ వెయ్యాలి? – 4వ పాఠం

ఈ వారం అప్పీళ్ల గురించి చెబుదామనుకున్నాను. మీ జవాబులు చదివాక ఆ పాఠం పక్కన పెట్టేశాను. పోయినసారి అభ్యాసం ఇదీ: అమలాపురం దగ్గరి కుర్రాడు ముంబై హైలో, సముద్రంలో కదలకుండా కట్టిన చమురు ప్లాట్‌ఫాం మీద రిగ్గరు, అంటే బరువులు క్రేనుకి కట్టి ఎత్తించే పనివాడు. 2024 ఆగస్టులో క్రేన్ దించుతున్న పైపుకీ రెయిలింగుకీ మధ్య ఎడమ చెయ్యి నలిగి మూడు వేళ్లు పోయాయి. అతని యజమాని అయిన కాంట్రాక్టరు రిజిస్టర్డ్ ఆఫీసు చెన్నైలో ఉంది. పరిహారం కేసు ఎక్కడ వెయ్యాలి?

సగం మంది ముంబై హైకోర్టు అని రాశారు. ముంబై హై అనేది చమురు క్షేత్రం. సముద్రం అడుగున ఎత్తుగా లేచిన రాతి పొరల వల్ల దానికి ఆ 'హై' వచ్చింది. హైకోర్టుకీ దానికీ చుట్టరికం లేదు.

మిగతావాళ్లు 'ప్రమాదం జరిగిన చోటు' అని ముంబైలో పరిహారం కేసులు విచారించే కమిషనర్ని పట్టుకున్నారు. ఈ మాట చట్టంలోనే ఉంది కాబట్టి ఈ తప్పు ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. 1923 ఉద్యోగుల పరిహార చట్టం 21వ సెక్షన్, 1995 సవరణ తర్వాత, మూడు చోట్లు చూపిస్తుంది: ప్రమాదం జరిగిన ప్రాంతం, బాధితుడో అతని మీద ఆధారపడినవాళ్లో మామూలుగా నివసించే ప్రాంతం, యజమాని రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న ప్రాంతం. వీటిలో ఏది కావాలో బాధితుడే ఎంచుకోవచ్చు.

సముద్రం కేసుల్లో మొదటిదాని జోలికి వెళ్లకండి. మన ప్రాదేశిక జలాలు 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు. ముంబై హై తీరానికి దాదాపు 160 కిలోమీటర్ల దూరంలో ఉంది. అది ఏ జిల్లా? ఏ కమిషనర్ పరిధి? అంత దూరాన మన చట్టాలను కేంద్రం నోటిఫికేషన్‌తో విస్తరించవచ్చని 1976 సముద్ర మండలాల చట్టం చెబుతుంది. ఆ నోటిఫికేషన్ ఏదీ అని అవతలి వకీలు అడుగుతాడు, వాయిదా పడుతుంది. ఆ తర్వాత అదే 21వ సెక్షన్లో, నావికుడికి దేశం బయట ప్రమాదమైతే ఓడ యజమాని ఉన్నచోట వేసుకోవచ్చన్న నిబంధన తీస్తాడు. మన కుర్రాడు నావికుడు కాదని మీరు రుజువు చెయ్యాలి, మళ్లీ వాయిదా. నివాసం ఆధారంగా సొంత జిల్లాలో వేస్తే పరిధి గురించిన ఈ తగువే రాదు.

నేను చూసిన ఒక ఫైలు చెబుతాను. భర్త పోయిన ఆవిడ ఎవరో చెప్పారని ముంబైలో కేసు వేసింది. వాయిదాకోసారి రాజమండ్రిలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేది. నా దగ్గరికొచ్చినప్పుడు రబ్బరు బ్యాండు చుట్టిన టిక్కెట్ల కట్ట బల్ల మీద పెట్టింది. లెక్కపెడితే పద్దెనిమిది. అప్పటికి సాక్ష్యం కూడా మొదలు కాలేదు.

'28 రోజులు ప్లాట్‌ఫాం మీదే ఉంటాడు కదా, నివాసం అదే కాదా?' అని ఇద్దరు అడిగారు. కాదు. పని కోసం పడుకునే బంకు నివాసమవ్వదు. సెలవు రాగానే ఎక్కడికి వెళ్తాడు, పెళ్లాంబిడ్డలు ఎక్కడున్నారు అన్నది చూడండి. రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు జతచెయ్యండి. ఇంకొకటి, ప్రమాదం జరిగిన ప్రాంతపు కమిషనర్‌కీ, ఆ రాష్ట్ర ప్రభుత్వానికీ నోటీసు వెళ్లాలి. పంపాల్సింది మీ కమిషనరే అయినా, నేను మాత్రం దరఖాస్తు చివర ముంబై కమిషనర్‌కి పంపమని ఒక వాక్యం రాస్తాను.

2025 నవంబరు 21 నుంచి ఈ 1923 చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. మన ప్రమాదం అంతకుముందుది కాబట్టి పాత చట్టమే.

హైకోర్టు దారి అసలు లేదని కాదు. ఓడల తగువులు హైకోర్టుకిచ్చే 2017 అడ్మిరాల్టీ చట్టం, ఓడ నిర్వచనంలో సముద్ర పరిశ్రమ మొబైల్ యూనిట్‌ని, అంటే చోటు మార్చగలిగేదాన్ని, కూడా చేర్చింది. చమురు బావులు తవ్వే జాకప్ రిగ్గు సముద్రం అడుగుకి కాళ్లు దింపి నిలబడినా, వాటిని ఎత్తి ఇంకోచోటికి లాక్కెళ్తారు. అందుకే దాని మీద గాయపడితే ఓడ కేసుగా వాదించవచ్చు. స్థిరమైన ప్లాట్‌ఫాంకి ఆ వీలు లేదు. కానీ తొందరపడాలి: ఓడ మీద గాయానికి ఉండే మారిటైమ్ లీను, అంటే ఆ ఓడనుంచే సొమ్ము రాబట్టుకునే హక్కు, సాధారణంగా ఏడాదికే పోతుంది.

అభ్యాసం: అదే కుర్రాడు, అదే గాయం, అదే తేదీ. కానీ కాకినాడ తీరానికి దూరంగా జాకప్ రిగ్గు మీద. యజమాని ఆఫీసు సింగపూర్లో. చికిత్స కోసం భార్య అయిదు నెలలుగా హైదరాబాదులో అద్దెకుంటోంది. ఎక్కడ వేస్తారో, సింగపూరే వెళ్లాలన్న వాదనకి ఏం జవాబిస్తారో పూర్తి దరఖాస్తుగా చేత్తో రాయండి. పేరాకొక్క సెక్షన్ చాలు.