వెట్టియస్ వాలెన్స్ రాశి దశలు: జాతకంలో జీవిత ఘట్టాలను లెక్కించే పద్ధతి

క్రీస్తు శకం 120లో నేటి టర్కీలోని అంతియొకయ (ఆంటియోక్) నగరంలో పుట్టిన వెట్టియస్ వాలెన్స్, మంచి గురువుల కోసం ఈజిప్టు వరకు వెళ్లి, అక్కడ డబ్బూ శ్రమా ఖర్చుచేసి తాను నేర్చుకున్న జ్యోతిష విద్యను గ్రీకు భాషలో తొమ్మిది భాగాల గ్రంథంగా రాశాడు. దానిలో 4వ భాగంలో మనిషి జీవితాన్ని పెద్ద కాలఖండాలుగా, వాటిని తిరిగి చిన్న ఖండాలుగా విభజించే ఒక పద్ధతి ఉంది. గ్రీకులో దీనిని అఫెసిస్, అంటే విడుదల, అన్నారు. 1990లలో అమెరికాలోని ప్రాజెక్ట్ హిండ్‌సైట్ బృందం గ్రీకు గ్రంథాలను ఇంగ్లీషులోకి తెచ్చిన తరువాత జోడియాకల్ రిలీజింగ్ అనే పేరుతో మళ్లీ వాడుకలోకి వచ్చింది. వింశోత్తరి దశలకు, అంటే జీవితాన్ని గ్రహాలకు పంచే కాలఖండాలకు, అలవాటుపడిన మనకు ఇందులో కొత్తగా కనిపించేది ఒకటే, ఇక్కడ దశలు గ్రహాలవి కావు, రాశులవి. జైమిని చర దశ తెలిసినవారికి అది కూడా కొత్త కాదు. అయితే వింశోత్తరి నియమాలను గానీ చర దశ నియమాలను గానీ దీనిలోకి తీసుకురాకూడదు. ఈ పద్ధతికి తనదైన లెక్క ఉంది, ఆ లెక్కను చివరిదాకా అలాగే పాటించినప్పుడే ఇది చెప్పేది అర్థమవుతుంది.

ఈ పద్ధతి ఏ సంవత్సరంలో ఏ సంఘటన జరుగుతుందో చెప్పదు. జీవితంలో ఒక అధ్యాయం ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఊపందుకుంటుందో, దారి ఎక్కడ మళ్లుతుందో చెబుతుంది. దీనిని నేర్చుకునేవారు ముందు గడిచిన కాలానికి అన్వయించి, తమకు తెలిసిన మలుపులతో సరిచూసుకుని, ఆ తరువాతే రాబోయే కాలాన్ని చూడాలని నేను గట్టిగా చెబుతాను.

ముందుగా సహమాలు

లెక్క లగ్నం నుంచో చంద్రుని నక్షత్రం నుంచో కాక ఒక సహమం నుంచి, అంటే లగ్నం, రవి, చంద్రుల స్థానాలను కలిపి తీసి కనుగొనే ఒక బిందువు నుంచి, మొదలవుతుంది. వాలెన్స్ వాడినవి రెండు. శరీరం, ఆరోగ్యం, మనిషికి తనంతట తానుగా ఎదురయ్యే పరిస్థితులు అదృష్ట సహమానికి చెందినవి. వృత్తి, నిర్ణయాలు, మనిషి పూనుకుని చేసే పనులు ఆత్మ సహమానికి చెందినవి. పగటి జన్మ అయితే లగ్న స్ఫుటానికి (రాశిచక్రంలో డిగ్రీలలో దాని స్థానానికి) చంద్ర స్ఫుటాన్ని కలిపి, అందులోనుంచి రవి స్ఫుటాన్ని తీసివేస్తే అదృష్ట సహమం వస్తుంది; లగ్నానికి రవిని కలిపి చంద్రుని తీసివేస్తే ఆత్మ సహమం వస్తుంది. రాత్రి జన్మకు ఈ రెండు సూత్రాలూ తారుమారవుతాయి. ఫలితం 360 డిగ్రీలు దాటితే 360 తీసివేయాలి, సున్నకు తక్కువైతే 360 కలపాలి.

తాజిక పద్ధతి (వర్షఫలాలు చెప్పే జ్యోతిష విభాగం) తెలిసినవారు పగటి సూత్రాలను చూడగానే ఇవి పుణ్య సహమం, విద్యా సహమమే కదా అంటారు. సూత్రం నిజంగా అదే. కానీ తాజికంలో లగ్నం ఆ రెండు గ్రహాల మధ్య పడనప్పుడు అదనంగా 30 డిగ్రీలు కలిపే నియమం ఉంది, గ్రీకు లెక్కలో అది లేదు. కనుక జాతకం వేసే సాఫ్ట్‌వేర్ చూపించే పుణ్య సహమాన్ని అలాగే తీసుకోకుండా, స్ఫుటాలు తీసుకుని చేత్తో లెక్కించుకోవడం మంచిది. ఆ 30 డిగ్రీలు సహమాన్ని పక్క రాశిలోకి నెడితే జీవితకాలపు లెక్క అంతా మారిపోతుంది.

పగలో రాత్రో నిర్ణయించేది గడియారం కాదు, రవి క్షితిజానికి పైన ఉన్నాడా కింద ఉన్నాడా అన్నదే. సూర్యోదయ సూర్యాస్తమయాల దగ్గర పుట్టినవారు దీనిని ప్రత్యేకంగా పరిశీలించాలి. అమావాస్య లేదా పూర్ణిమ ఘడియలకు దగ్గరగా పుట్టినవారికి రెండు సహమాలూ ఒకే రాశిలో పడతాయి. అటువంటప్పుడు అదృష్ట సహమానికి ఆ రాశినే ఉంచి, ఆత్మ సహమపు లెక్కను దాని తరువాతి రాశి నుంచి మొదలుపెట్టమని వాలెన్స్ చెప్పాడు.

లగ్నం సుమారు 4 నిమిషాలకు ఒక డిగ్రీ కదులుతుంది, దానితోపాటే సహమాలూ కదులుతాయి. సహమం రాశి అంచున ఉన్నప్పుడు కొద్ది నిమిషాల పొరపాటు చాలు, మొదటి దశే మారిపోతుంది. పాత జాతకాలలో జన్మకాలం సూర్యోదయాది ఘడియలు, విఘడియలలో ఉంటే, ఘడియకు 24 నిమిషాల చొప్పున, ఆ ఊరి ఆ రోజు సూర్యోదయం నుంచి లెక్కించాలి. 1942 నుంచి 1945 వరకు మన దేశంలో గడియారాలను ఒక గంట ముందుకు జరిపి ఉంచారు కాబట్టి, ఆ సంవత్సరాలలో పుట్టిన పెద్దల జాతకాలు వేసేటప్పుడు దానిని గుర్తుంచుకోవాలి. అమెరికాలో, బ్రిటన్‌లో పుట్టిన పిల్లలకు వేసవి గంట మార్పు కూడా అలాగే చూసుకోవాలి.

రాశులను వసంత విషువత్తు నుంచి లెక్కించాలా (సాయనం), స్థిర నక్షత్రాలను బట్టి లెక్కించాలా (నిరయనం) అన్న ప్రశ్న మనవారికి తప్పకుండా వస్తుంది. ఈ పద్ధతిని నేడు వాడుతున్న పాశ్చాత్యులలో ఎక్కువమంది సాయన రాశులే తీసుకుంటారు. వాలెన్స్ కాలంలో రెండింటికీ తేడా కొద్ది డిగ్రీలే కనుక ఆయన గ్రంథం చూసి దీనిని తేల్చలేము. ఏది తీసుకున్నా మొదటి నుంచి చివరివరకు ఒకటే ఉంచాలి. నా అభిప్రాయంలో, నేర్చుకునే దశలో ఇతరుల ఉదాహరణలతో పోల్చుకోవడానికి సాయనంతో మొదలుపెట్టడమే మేలు.

రాశుల సంవత్సరాలు

ప్రతి రాశికీ దాని అధిపతిని బట్టి సంవత్సరాలు ఉన్నాయి. మేష వృశ్చికాలకు 15, వృషభ తులలకు 8, మిథున కన్యలకు 20, కర్కాటకానికి 25, సింహానికి 19, ధనుర్మీనాలకు 12, మకరానికి 27, కుంభానికి 30. ఒకే శనికి చెందిన రెండు రాశులకు వేర్వేరు సంఖ్యలు ఉండడం ఒక్క మకర కుంభాల విషయంలోనే కనిపిస్తుంది. ఈ సంఖ్యల వెనుక ఆకాశ పరిశీలన ఉంది: శని రాశిచక్రాన్ని చుట్టడానికి పట్టే కాలం దాదాపు 30 ఏళ్లు, గురువుకు 12, శుక్రుడు 8 ఏళ్లకు ఒకసారి రవితో అవే స్థితులకు తిరిగివస్తాడు, 19 ఏళ్లకు తిథులు సౌర సంవత్సరంలోని అవే రోజులకు వస్తాయి, 365 రోజుల ఈజిప్టు సంవత్సరాలు 25 గడిస్తే దాదాపు సరిగ్గా 309 చాంద్ర మాసాలు పూర్తవుతాయి.

ఇక్కడ సంవత్సరం అంటే 360 రోజులు. క్యాలెండర్ సంవత్సరాలతో లెక్కిస్తే నడివయసుకు వచ్చేసరికి అర్ధ సంవత్సరానికి పైగా తేడా వస్తుంది, అందువల్ల మొత్తాన్ని రోజులలోకి మార్చి జన్మతేదీకి కలపడమే నమ్మదగిన మార్గం.

సహమం ఉన్న రాశే మొదటి మహాదశ, అంటే మొదటి పెద్ద కాలఖండం. అది పూర్తయ్యాక రాశిచక్ర క్రమంలో తరువాతి రాశి. మహాదశలోని చిన్న ఖండాలైన అంతర్దశలు కూడా అదే రాశి నుంచి మొదలై వరుసగా సాగుతాయి, కాకపోతే సంవత్సరాల స్థానంలో అవే సంఖ్యలను 30 రోజుల నెలలుగా తీసుకోవాలి. అంతర్దశలోని భాగమైన విదశలో ఒక్కొక్క సంఖ్యకు రెండున్నర రోజులు, దానికి దిగువన అయిదు గంటలు. వింశోత్తరిలోలాగా మహాదశ కాలాన్ని దామాషాగా పంచడం ఇక్కడ లేదు. చిన్న మహాదశలో అంతర్దశలు మధ్యలోనే ఆగిపోతాయి, పెద్ద మహాదశలో చుట్టు పూర్తయి ఇంకా కాలం మిగులుతుంది.

బంధవిమోచనం

పన్నెండు రాశుల సంఖ్యల మొత్తం 211. అంటే 17 సంవత్సరాల 7 నెలలలో అంతర్దశల చుట్టు పూర్తవుతుంది. మిథునం, కర్కాటకం, సింహం, కన్య, మకరం, కుంభం అంతకంటే పొడవైన మహాదశలు. వీటిలో చుట్టు పూర్తయ్యాక, అంతర్దశ మళ్లీ మొదటి రాశికి రాకుండా దాని ఎదుటి రాశికి, అంటే ఏడవ రాశికి గెంతుతుంది. గ్రీకులు దీనిని బంధం విడిపోవడం అన్నారు. మనిషి ఒక పనినుంచి మరో పనికి, ఒక ఊరినుంచి మరో ఊరికి మళ్లే కాలాలను ఈ గెంతు దగ్గరే వెతకాలి. ఈ పద్ధతి మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఇదే.

అయితే ఒక జాగ్రత్త అవసరం. ఆత్మ సహమం ఈ ఆరు రాశులలో దేనిలో ఉన్నా మొదటి గెంతు అందరికీ ఒకే వయసులో, క్యాలెండర్ లెక్కలో 17 ఏళ్ల 4 నెలలకు వస్తుంది. మన దగ్గర అది ఇంటర్ ముగించి ఇల్లు వదిలే వయసు. ఆ వయసులో మార్పు కనిపించినంత మాత్రాన జాతకం సరిపోయిందని అనుకోకూడదు. ఏ రాశికి గెంతింది, ఆ రాశిలో ఏ గ్రహాలున్నాయి అన్నది చూసి, మార్పు స్వభావం దానికి సరిపోతోందా అని పరిశీలించాలి. లెక్క నిజంగా నిలుస్తుందా అన్నది తరువాతి మహాదశలలోని గెంతుతో తేలుతుంది, ఎందుకంటే అది ఒక్కొక్కరికి ఒక్కో వయసులో వస్తుంది.

శిఖర కాలాలు, ఒక ఉదాహరణ

లెక్క మొదలయ్యేది ఏ సహమం నుంచి అయినా, బలం చూడవలసింది అదృష్ట సహమం నుంచే. దానికి కేంద్రాలైన 1, 4, 7, 10 రాశుల దశలలో జీవితం చురుకుగా, పదిమందికి తెలిసేలా సాగుతుందని చెబుతారు. పదవ రాశి అన్నిటికంటే బలమైనది.

ఊహించిన ఒక పగటి జాతకాన్ని తీసుకుందాం. సాయన లగ్నం సింహంలో 10 డిగ్రీలు, అంటే 130; రవి వృషభంలో 20, అంటే 50; చంద్రుడు ధనుస్సులో 5, అంటే 245. అదృష్ట సహమం 130కి 245 కలిపి 50 తీసివేస్తే 325, కుంభంలో 25వ డిగ్రీ. ఆత్మ సహమం 130కి 50 కలిపి 245 తీసివేస్తే సున్నకు 65 తక్కువ, 360 కలిపితే 295, మకరంలో 25. జన్మ సమయం 20 నిమిషాలు ఆలస్యమై ఉంటే రెండూ పక్క రాశి అంచుకు చేరేవి, కనుక ఇక్కడ సమయం ఎంత ముఖ్యమో గమనించండి.

వృత్తి గురించి చూస్తున్నాం కాబట్టి ఆత్మ సహమం నుంచి మొదలుపెడతాం. మకరం 27 సంవత్సరాలు, అంటే 9,720 రోజులు, 26 ఏళ్ల 7 నెలల వయసు వరకు. ఆ తరువాత కుంభం 30 సంవత్సరాలు, 56 ఏళ్ల 2 నెలల వరకు. కుంభంలోనే అదృష్ట సహమం ఉన్నందున ఆ మహాదశ మొత్తం శిఖర కాలం. దానిలో వృశ్చికం అదృష్ట సహమానికి పదవ రాశి. కుంభంతో మొదలుపెట్టి నెలలు కలుపుతూ పోతే తుల వరకు 157 నెలలు, కాబట్టి వృశ్చిక అంతర్దశ 39 ఏళ్ల 6 నెలల నుంచి 40 ఏళ్ల 9 నెలల వరకు నడుస్తుంది. వృత్తిలో పెద్ద బాధ్యతలు వచ్చే కాలం కోసం ఇక్కడ చూడాలి. 211 నెలలు పూర్తయ్యేసరికి వయసు 43 ఏళ్ల 11 నెలలు. అప్పుడు అంతర్దశ కుంభానికి రాకుండా సింహానికి గెంతుతుంది. సింహం కూడా అదృష్ట సహమానికి ఏడవ కేంద్రమే కనుక, ఈ మలుపు చేస్తున్న పని మధ్యలో, అందరి కళ్ల ఎదుటే వస్తుంది. గెంతు తరువాత వృశ్చికం మరొకసారి, 47 ఏళ్ల 9 నెలల నుంచి 49 వరకు, వస్తుంది.

ఇదే మహాదశలో సింహ అంతర్దశ గెంతుకు ముందు ఒకసారి, సుమారు 35 ఏళ్ల 8 నెలల నుంచి 37 ఏళ్ల 2 నెలల వరకు, మామూలు వరుసలోనే వచ్చిపోతుంది. ఆ కాలంలో మొదలైన పరిచయాలు, ఆసక్తులు, అసంపూర్తిగా వదిలిన ప్రయత్నాలు గెంతు తరువాత ప్రధాన విషయాలుగా తిరిగివస్తాయని నేటి అభ్యాసకులు చెబుతారు. జాతకుని పాత డైరీలు, ఉత్తరాలు, ఉద్యోగపత్రాలు దగ్గర ఉంటే సరిచూడవలసిన మొదటి చోటు ఇది.

దశ చురుకైనదా అన్నది కేంద్రాలు చెబితే, సుఖమైనదా అన్నది గ్రహాలు చెబుతాయి. పగటి జన్మకు గురువు అత్యంత శుభుడు, కుజుడు ఎక్కువ ఇబ్బంది పెట్టేవాడు. రాత్రి జన్మకు శుక్రుడు శుభుడు, శని కష్టమైనవాడు. మన ఉదాహరణలో గురువు వృశ్చికంలో ఉంటే పై రెండు వృశ్చిక అంతర్దశలూ గౌరవాన్నీ అండనూ తెస్తాయి. కుజుడు సింహంలో ఉంటే 44వ ఏడు నిండబోతుండగా వచ్చే మలుపు ఘర్షణతో, తొందరపాటుతో కూడుకున్నదవుతుంది. కుంభాధిపతి శని పగటి జాతకంలో కొంత మెత్తబడతాడు కనుక 30 ఏళ్ల మహాదశ శ్రమతోనైనా కట్టుదిట్టంగా సాగుతుంది. దశారాశిలో గ్రహమేదీ లేకపోతే, దానిని చూస్తున్న గ్రహాలనూ రాశ్యధిపతి స్థితినీ తీసుకోవాలి.

విదశలు, వాటి దిగువ ఖండాలు కొద్ది వారాలవీ, రోజులవీ కావడంతో జన్మ సమయం నిమిషాలతో సహా కచ్చితంగా తెలియనప్పుడు వాటిని పట్టించుకోకపోవడమే మంచిది. అదృష్ట సహమం నుంచి శరీరానికి సంబంధించిన దశలు లెక్కించేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. వాలెన్స్ కాలపు జ్యోతిష్కులు ఆయుర్దాయాన్ని కూడా లెక్కించేవారు. ఇంట్లోవారి జాతకాలతో నేర్చుకుంటున్నవారు ఆ పని పెట్టుకోకుండా, గడిచిన అనారోగ్యాలూ కోలుకున్న కాలాలూ ఏ రాశుల దశలలో వచ్చాయో రాసుకుని పరిశీలించడం వరకే ఆగాలి.