శాపాల కథలు ఎలా చదవాలి, పిల్లలకి ఎలా చెప్పాలి

తప్పు చేస్తే కళ్ళు పోతాయి అని భయపెట్టడానికే మనం శాపాల కథలు వాడేస్తున్నాం. దయచేసి అలా చెయ్యొద్దు, ఆ కథల్లో ఉన్న అసలు ప్రశ్న అక్కడే చచ్చిపోతుంది.

మొదట భారతం ఆదిపర్వంలో మాండవ్యుడి కథ తీసుకోండి. మౌనవ్రతంలో ఉన్న ముని ఆశ్రమంలో దొంగలు సొమ్ము దాచేశారు, భటులొచ్చి అడిగితే ఈయన పలకలేదు, దాంతో ఈయన్ని కూడా పట్టుకెళ్ళి శూలం ఎక్కించేశారు. తర్వాత రాజు తప్పు తెలుసుకుని దించబోతే శూలం ఊడి రాలేదు, కోసేస్తే ముక్క ఒంట్లోనే ఉండిపోయింది. ఆయన తిన్నగా యమధర్మరాజు దగ్గరికెళ్ళి నేనేం పాపం చేశానని నిలదీస్తే, చిన్నప్పుడు పురుగు తోకకి పుల్ల గుచ్చావు అన్నాడు.

ఇక్కడ ఆగండి. మనూళ్ళల్లో తూనీగ తోకకి దారం కట్టి ఆడతారు కదా, అది గుర్తుచేసి "నువ్వైతే ఏం శిక్ష వేస్తావురా" అని అడగండి, వాడు చెప్పేదాకా ముందుకెళ్ళొద్దు.

ఆ తర్వాత చెప్పండి, తెలీని వయసులో చేసినదానికి ఇంత శిక్షా అని ముని యముణ్ణే శపించాడు, 14 ఏళ్ళ లోపు చేసింది పాపం కాదని కట్టడి కూడా పెట్టాడు. శిక్ష వేసే దేవుడికీ లెక్క చెప్పాల్సిన బాధ్యత ఉందని మన గ్రంథమే అంటోంది, నాకు ఈ కథలో ప్రాణం అదే. శూద్ర స్త్రీకి పుట్టమన్నది ఆ శాపం, అలా పుట్టినవాడే విదురుడు. ఆ పుట్టుక శిక్ష ఎలా అవుతుంది అని పిల్లలు అడిగితే దాటెయ్యొద్దు, ఆ కాలం అలా చూసింది, అది తప్పు అని చెప్పండి, కౌరవసభలో ద్రౌపది కోసం నోరు తెరిచిన కొద్దిమందిలో ఆ విదురుడున్నాడని కూడా చెప్పండి.

ఇంకోటి, ఏ గ్రంథంలో ఎలా ఉందో చూసుకోండి. అహల్య రాయి అయిందని అందరం అంటాం కానీ వాల్మీకంలో ఆమె ఎవరికీ కనబడకుండా, గాలే ఆహారంగా, బూడిదలో పడి తపస్సు చేస్తూ ఉంటుంది.

పరీక్షిత్తు మహారాజు కథైతే భారతంలోనూ భాగవతంలోనూ రెండుచోట్లా చదవండి. ఈ రాజు ఒక ముని మెళ్ళో చచ్చిన పామేశాడని ఆ ముని కొడుకు శృంగి శపిస్తే, ఆ తండ్రి శమీకుడే ఎందుకు శపించావురా అని బాధపడ్డాడు. 7 రోజుల్లో చావు అన్నది ఆ శాపం. భారతంలో రాజు ఒంటిస్తంభం మేడ కట్టించుకుని కాపలా పెట్టుకుంటాడు, భాగవతంలో అన్నీ వదిలేసి గంగ ఒడ్డున కూర్చుని శుకుడి నోట హరికథ వింటాడు.