పెద్ద రోజు ముందు పొట్ట గడబిడ – 3వ పాఠం: ఊపిరిని పొట్టదాకా దించడం

పోయిన పాఠంలో వేసుకోమన్న పట్టిక నింపారా? పొట్ట ఎప్పుడు మొదలుపెట్టింది, తిప్పిందా, ఉబ్బిందా, బాత్రూమ్‌కి పరుగెత్తించిందా అన్నవి. దాన్ని దగ్గర పెట్టుకోండి, చివర్లో పని ఉంది.

టెన్షన్ పడితే జీర్ణాశయం నెమ్మదిస్తుంది. రెండు ముద్దలు తిన్నా రాయిలా అక్కడే కూర్చున్నట్టుంటుంది, వికారం పుడుతుంది. పెద్దపేగేమో అదే సమయంలో తొందరపడుతుంది. అందుకే ఇంటర్వ్యూలోనో స్టేజీ మీదికో మన పేరు పిలిచే వేళకి మూడోసారి బాత్రూమ్. ఇది భ్రమ కాదు, పిరికితనమూ కాదు. 1890ల చివర్లో వాల్టర్ కానన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఎక్స్-రే సాయంతో పిల్లుల జీర్ణాశయం కదలికలు గమనించాడు. పిల్లి బెదిరితే ఆ కదలికలు ఆగిపోయేవి. మీ పొట్టా అదే చేస్తోంది.

పొట్టను "ఊరుకో" అంటే ఊరుకోదు. ఊపిరి మాత్రం కొంత మన చేతిలో ఉంది. నెమ్మదిగా, పొడుగ్గా వదిలే ఊపిరి, మెదడు నుంచి గుండె, పొట్టల దాకా దిగే వేగస్ నాడి ద్వారా ఒంటిని నెమ్మదింపజేస్తుంది.

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. నడుం దగ్గర బిగుతుంటే వదులు చేయండి. చాలామంది ఇది చేయరు, బిగిసిన బెల్టు కింద పొట్ట ఎలా లేస్తుంది? ఒక చెయ్యి ఛాతీ మీద, ఇంకోటి బొడ్డు మీద పెట్టండి. ముక్కుతో 4 అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, 6 అంకెలు లెక్కపెట్టేంతసేపు వదలండి. అంకెకో సెకను చొప్పున నిమిషానికి 6 ఊపిర్లు. బొడ్డు మీది చెయ్యి లేవాలి, ఛాతీ మీదిది దాదాపు కదలకూడదు. మొదట్లో అందరూ పొట్టను కావాలని ఎగదోస్తారు, నేనూ వారం రోజులు అదే చేశాను. తొయ్యక్కర్లేదు, గాలి కిందికి దిగితే అదే లేస్తుంది. తల తిరిగితే మరీ లోతుగా పీలుస్తున్నారని అర్థం, తగ్గించండి. నోటితో గబగబా పీలిస్తే గాలి మింగేస్తాం, తేన్పులు, ఉబ్బరం ఇంకా పెరుగుతాయి.

రోజుకి రెండుసార్లు, 5 నిమిషాలు. మూడు రోజులు పడుకుని, తర్వాత కూర్చుని, ఆపైన నిలబడి. ఏ టెన్షనూ లేనప్పుడే చేయండి. అసలు రోజున మొదటిసారి ప్రయత్నిస్తే ఒళ్లు దాన్ని గుర్తుపట్టదు.

తిండి సంగతి 5వ పాఠంలో వివరంగా చూద్దాం. ఈలోగా ఏదైనా సందర్భం ఉంటే, భోజనం దానికి మూడు గంటల ముందే, తేలిగ్గా ముగించండి. ఆ పూట కాఫీ వద్దు, అది పెద్దపేగును ఇంకా తరుముతుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, నొప్పో విరేచనాలో నిద్రలోంచి లేపుతున్నా టెన్షన్ అని సరిపెట్టుకోవద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇక పట్టికలో కొత్త గడి గీయండి: సాధన ముందు పొట్ట బిగువు పదిలో ఎంత, తర్వాత ఎంత. వారం పాటు నింపండి. వచ్చే పాఠంలో, బయట కుర్చీలో మన వంతు కోసం కూర్చునే ఆ పది నిమిషాలు.