వానాకాలంలో ఏసీ నుంచి నీళ్లు కారుతుంటే

వానలు పట్టాక ఏసీ లోపలి యూనిట్ నుంచి గోడ మీదుగా నీళ్లు కారడం చాలా ఇళ్లలో ఉండే తలనొప్పే. గాలిలో తేమ పెరిగేకొద్దీ ఏసీ వదిలే నీరూ పెరుగుతుంది. ఆ నీటిని బయటికి పంపే గొట్టం సగం పూడి ఉంటే, వేసవిలో ఎలాగో నెట్టుకొచ్చినా ఇప్పుడు చేతులెత్తేస్తుంది.

మెకానిక్‌ను పిలిచే ముందు, బయట ఆ గొట్టం చివర ఎక్కడుందో చూడండి. బకెట్ నీళ్లలో మునిగి ఉంటే పైకి తీయండి. లోపల గాలి చిక్కుకుని నీరు దిగకపోవచ్చు. కొన్నిసార్లు ఇంతటితోనే సమస్య తీరుతుంది.

తీరకపోతే ఏసీ మెయిన్ స్విచ్ ఆపి, ఫిల్టర్లు తీసి కడిగి ఆరబెట్టండి. నీళ్లను కూడా పీల్చే రకం వాక్యూమ్ క్లీనర్‌ను గొట్టం బయటి చివరకు పెట్టి, సందు లేకుండా తడిగుడ్డ చుట్టి, రెండు నిమిషాలు నడపండి. నల్లగా, జిగటగా పాచి ఊడి వస్తుంది, ముక్కు మూసుకోవాల్సిందే! నోటితో ఊదడం మాత్రం వద్దు, ఆ మురికంతా తిరిగి లోపల నీరు పట్టే ట్రేలోకే చేరుతుంది. ఫిల్టర్లు బిగించి, ఏసీని 24 డిగ్రీల వద్ద అరగంట నడిపితే బయట చుక్కలు ఆగకుండా పడాలి.

లోపలి యూనిట్‌లో గాలిని చల్లబరిచే కాయిల్ మీద మంచు పేరుకుని ఉంటే మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. ఫిల్టర్లు కడిగాక కూడా మంచు కడుతుంటే గ్యాస్ తగ్గి ఉండవచ్చు, మెకానిక్‌ను పిలవాల్సిందే. గోడకు బిగించిన యూనిట్ ఒక పక్కకు ఒరిగి ఉన్నా అంతే.